శుభ్రమైన పలకలు

మార్చి 3

మామయ్యకు నమస్కారాలు.

నేను ఫోన్ చేయడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను అరవడం, మా ఆఫీసులో అందరూ పని మానేసి మన ఇంటి సంగతులు వినడం, ఇది ఇక వద్దనుకున్నాను. ఇన్నేళ్ళు ఓడల్ని లాగే టగ్గు ఇంజను పక్కన నిలబడ్డ చెవులు అవి. వాటిని ఇంకా కష్టపెట్టడమెందుకు? ఉత్తరాలే నయం.

ఈ పడవలో నీకు ఒక పెట్టె వస్తోంది. అందులో బూడిదరంగు ప్లాస్టిక్ పలకలున్నాయి, ఒక్కోదానికి మధ్యలో రంధ్రం. వాటిని మీ రేవులో జెట్టీ కింద, నీళ్ళలో మనిషి లోతున వేలాడదీయాలి. వానలు పడే ముందు తీసి, తడిగుడ్డలో చుట్టి, అదే పెట్టెలో నాకు పంపాలి. దూరదేశాల ఓడల అడుగున అంటుకుని, మన సముద్రంలో ఎన్నడూ లేని జీవులు దీవుల రేవుల్లోకి దిగుతున్నాయి. అందుకని అన్ని దీవులకూ ఇలాంటి పెట్టెలు పంపుతున్నాం. పలకలు చూసి ఏ రేవు ఎంత శుభ్రంగా ఉందో తేలుస్తాం. మీ దీవిలో ఈ పని ఎవరికి అప్పగించాలని మా పెద్దసారు అడిగితే నిన్నే చెప్పాను.

జాగ్రత్తగా చూసుకుంటావని తెలుసు. అందుకే ఎక్కువ రాయడం లేదు.

అత్తయ్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఈ ఏడు తాళ్ళకి ఆల్చిప్ప పిల్లలు బాగా పట్టాయా?

నీ మేనకోడలు
పీత


మార్చి 21

చిరంజీవి పీతకు మామయ్య ఆశీస్సులు.

పెట్టె క్షేమంగా చేరింది. పడవ దగ్గర టికెట్ గుమస్తా దాన్ని ఊపి చూసి ఏముందని అడిగాడు. పలకలన్నాను. ఈ వయసులో బళ్ళో చేరుతున్నావా అని తను నవ్వి, పక్కవాళ్ళని నవ్వించి, అప్పుడు ఇచ్చాడు. వాడి నోరు అంతే. చిన్నప్పుడు నువ్వు మా ఇంట్లో పక్కకి పక్కకి నడుస్తుంటే నీకు ఈ పేరు తగిలించింది కూడా వాడే.

పలకలు జెట్టీ చివర, డీజిల్ పంపు దిగువన కట్టాను. రేవు ఎంత శుభ్రంగా ఉందో చూస్తామన్నావు. అది నాకు బాగా తెలిసిన భాష. టగ్గు మీద ఉన్నప్పుడు తనిఖీ అనే మాట వినపడితే చాలు, మా కెప్టెన్ ఇంజను గది నేల మీద అన్నం పెట్టుకు తినేట్టు కడిగించేవాడు. టగ్గు అడుగున ఒక్క గుల్ల కనిపించినా ఆ రోజు ఎవరికీ టీ లేదు. కాబట్టి నీ పలకలకు ఏ లోటూ రానివ్వను, మీ పెద్దసారు దగ్గర నీ మాట పోనివ్వను.

ఈ కొత్త జీవుల గురించి తెలుసుకుందామని రేవు చదువుల గదికి వెళ్ళాను. అక్కడ విజ్ఞాన సర్వస్వం మొదటి మూడు సంపుటాలే ఉన్నాయి, మిగతావి ఏ పడవలోనూ రాలేదు. నా చదువంతా వాటితోనే కదా. అందుచేత అద్దం, ఇంజను, ఎలుక, ఏనుగు, ఓడ, వీటి మీద నన్ను ఎవరైనా ఏమైనా అడగొచ్చు. 'క' దాటితే నాకు చీకటి. సముద్రం ఎక్కడో చివరి సంపుటాల్లో ఉంటుంది. చుట్టూ ఉన్నది అదే, దాని దాకా మాత్రం చదవలేకపోయాను.

రేవులో కొత్త విశేషం ఒకటే. అలలకి అడ్డంగా కట్టే రేవు గోడకి రాళ్ళు మోయడానికని ఒక బార్జిని, ఇంజను లేని పెద్ద సరుకు పడవని, లాక్కొచ్చి కట్టారు. ఏ దూరదీవిలోనో పనిలేక ఏళ్ళ తరబడి పడున్నదట. నీటిమట్టం తగ్గినప్పుడు దాని పొట్ట చూశాను. గడ్డం గీసుకోవడం మరిచిపోయిన మనిషిలా ఉంది.

మీ అత్తయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి. తాళ్ళ సంగతి అడిగావు చూడు, ఆ మాటకి ఆవిడ మొహం వెలిగింది. కొండ వెనక ఒంపులో ఆల్చిప్పలు పెంచేవాళ్ళంతా ఒక్కొక్కరే మానేసి వెళ్ళిపోయారు, ఈవిడ ఒక్కతే మిగిలింది. ఈ ఏడు పిల్లలు ఎంత దట్టంగా పట్టాయంటే తాడు కనపడటం లేదు. ఆ బరువుకి తేలే పీపాలు చాలక తాళ్ళు కుంగుతున్నాయి. జెట్టీ కింద పాత పీపాలున్నాయి, అవి ఇవ్వమని రేవు అధికారిని అడిగింది. మీ పలకల సంగతి తేలేదాకా రేవులోంచి ఏదీ కదలకూడదన్నాడట. త్వరగా తేల్చు.

ఇంజను చల్లారింది, ఇక ఆపుతాను.

మామయ్య


జులై 2

మామయ్యకు,

పెట్టె అందింది. పలకలు బల్ల మీద పరిచాక మా గదిలో అందరూ చుట్టూ మూగారు. మిగతా దీవుల నుంచి వచ్చినవి చూస్తే భయమేస్తుంది. వేలెడు మందాన ఏవేవో పట్టి, పలక అన్న ఆకారమే పోయింది. మీవి మాత్రం నేను పంపినట్టే తిరిగి వచ్చాయి. పెద్దసారు భూతద్దం పెట్టి మరీ చూశారు. డీజిల్ పంపు దిగువన కట్టావు కదా, ఆ నూనెకి ఏదీ పట్టలేదేమో అని నేనే ఒక సందేహం లేవదీశాను. వేరే రేవుల్లోనూ పంపుల కిందే కట్టారు, అక్కడ పట్టింది కదా అని ఆయన కొట్టేశారు. నిజం చెప్పాలంటే, కొట్టేస్తే బాగుండునని నాకూ ఉంది.

మిగతా దీవుల రేవుల మీద ఆంక్షలు పెట్టారు. మీ రేవుకి లేవు. అత్తయ్య ఆ పీపాలు నిరభ్యంతరంగా ఒంపులోకి తీసుకెళ్ళవచ్చు. రేవు అధికారికి కాగితం విడిగా వస్తుంది.

రెండో విడత పలకలు పంపుతున్నాను. మొదటిసారి ఎలా చూసుకున్నావో ఇప్పుడూ అలాగే చూసుకో.

పీత


జులై 20

చిరంజీవి పీతకు,

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్యకి వినిపించాను, టికెట్ గుమస్తాకి వినిపించాను, వాడు నవ్వకుండా వినడం ఇదే మొదటిసారి. రేవు అధికారి మీ ఆఫీసు కాగితాన్ని గోడకి అంటించాడు. అన్ని దీవుల్లోకీ మాదే శుభ్రమైన రేవు అన్నమాట. ఇంజను గదిలో నూనె తుడిచి రిటైరైన వాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కాగితం వచ్చిన రోజే పీపాలు పడవ వెనక కట్టి ఒంపులోకి లాక్కెళ్ళాం. మీ అత్తయ్య మెడలోతు నీళ్ళలో దిగి స్వయంగా కట్టుకుంది. మోకాళ్ళ మాట ఎత్తితే నీళ్ళలో నాకు మోకాళ్ళు లేవంది. తాళ్ళన్నీ పైకి లేచి సమంగా నిలిచాయి. ఇంకో రెండు మూడు నెలల్లో కోతకి వస్తాయి.

నూనె వల్లేమోనని సందేహపడ్డానని రాశావు, నవ్వొచ్చింది. నూనె కాదమ్మా, మోచేతి బలం. ప్రతి ఆదివారం పలకలు పైకి లాగి, టగ్గు నాటి ఇత్తడి తీగల బ్రష్షుతో రెండు వైపులా రుద్ది, మళ్ళీ దింపుతాను. ఒక్క వారం మానలేదు. జ్వరం వచ్చిన వారం కూడా వెళ్ళానని మీ అత్తయ్య ఇప్పటికీ సాధిస్తుంది.

ఈ విడత మాత్రం పని కొంచెం గట్టిగానే ఉంది. కొవ్వొత్తి కరిగి కారినట్టు, పసుపు తెలుపుల మధ్య రంగులో ఏదో మెత్తటి పొర పడుతోంది. గీకితే పీలికలుగా ఊడి నీళ్ళలోకి పోతుంది. పోయింది కదా అనుకుంటే మళ్ళీ వారానికి అంతకు రెట్టింపు. జెట్టీ స్తంభాలకీ పాకింది, మనం తీసుకెళ్ళిన పీపాల అడుగునా అక్కడక్కడా ఉండింది. ఉతికి ఆరేసినట్టు చేసి మరీ పంపుతాలే, దిగులు పడకు.

మామయ్య


జులై 26

మామయ్యా,

ఇది చదవగానే బ్రష్షు పక్కన పెట్టు. ఇక దేన్నీ గీకవద్దు, రుద్దవద్దు, నీళ్ళలోకి ఏదీ రాల్చవద్దు.

ఆ పలకలు తనిఖీకి పెట్టినవి కావు. వాటి మీద ఏది వచ్చి కూర్చుంటుందో చూడటానికి పెట్టినవి. అంటుకున్నది అంటుకున్నట్టు రావాలి. అదే మాకు కావలసింది. నువ్వు పంపిన శుభ్రమైన పలకలు చూసి మీ రేవులో ఏదీ లేదని రాశాం. ఉంది. కొవ్వొత్తి మైనంలా ఉందన్నావే, అదే. మేము కూడా దాన్ని మైనం అనే పిలుస్తాం. ఒక్కటిగా కనిపించినా వేల ప్రాణులు కలిసి పరుచుకున్న దుప్పటి అది. దేని మీద పడితే దానికి ఊపిరాడనివ్వదు. ఇంకో దీవిలో ఆల్చిప్పల తాళ్ళ మీద పడితే, తాడు పైకి తీసేసరికి లోపల ఒక్కటీ బతికి లేదు. దాని నుంచి ఊడిన ప్రతి పీలికా ఎక్కడ ఆగితే అక్కడ మళ్ళీ పెరుగుతుంది.

ఈ వాక్యం ఎలా రాయాలో తెలియక పొద్దున్నుంచి కాగితాలు చింపుతున్నాను. మైనం వచ్చింది బార్జితోనే అయ్యుంటుంది. పాకింది మాత్రం గీకడం వల్ల. తప్పు నాది. పలకలు ఎందుకో రెండు ముక్కలు రాసి ఉంటే నువ్వు ముట్టుకునేవాడివి కావు. నువ్వే కదా అని రాయలేదు.

ఒంపులోకి వెళ్ళిన పీపాలు వెంటనే ఒక ఈతగాడికి చూపించు. తాళ్ళ మీద ఉన్నా లేకున్నా, పీపాలూ తాళ్ళూ అన్నీ నీళ్ళలోంచి తీసేయాలి. సముద్రం వేడెక్కేలోపు, మైనం పిల్లలు పెట్టేలోపు. ప్రభుత్వ ఆజ్ఞ వచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. అందుకే ఇది ఆజ్ఞ కాదు, అడగడం. అత్తయ్యకి విడిగా రాయడానికి నాకు ధైర్యం చాల్లేదు.

పీత


ఆగస్టు 8

పీతకు,

ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. సగంలో ఆగాను. "మిగతాది కూడా చదువు" అంది. చదివాను. గీకడం వల్ల అన్నచోట నా గొంతు తగ్గిందట, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. లేచి వెళ్ళి పొయ్యి ఆర్పి, ఒంపుకి నడిచి వెళ్ళిపోయింది. నన్ను రమ్మనలేదు.

రేవులో ఓడల అడుగు చూసే ఈతగాడిని మర్నాడు తీసుకెళ్ళాను. మూడు పీపాల అడుగున మైనం ఉంది. తాళ్ళ మీద ఒక్కచోట కూడా లేదు. ఒక్కొక్క తాడూ చేత్తో తడిమి చూశాడు, మంచి మనిషి.

ఇక నా మాట విను. పీపాలు మూడూ గోనెసంచుల్లో మూతికట్టి, చుక్క రాలకుండా ఒడ్డుకి తెచ్చేశాం. తాళ్ళ మీద లేనప్పుడు తాళ్ళెందుకు తీయాలి? రెండు నెలలు ఓపిక పడితే కోత. మీ ఆఫీసు కాగితం చూసే కదా పీపాలు కదిలించాం? ఇప్పుడు ఆ కాగితం తప్పని బయటపడకుండా మీ అత్తయ్య కష్టాన్ని ఒడ్డున పోయమంటున్నారా? నీ ఉద్యోగానికి ఏదైనా ఇబ్బంది ఉంటే ఆ మాట సూటిగా చెప్పు, అర్థం చేసుకుంటాను.

ఇలా రాస్తున్నానని ఆవిడకి చెప్పాను. నా మాటలు నావి, తన ప్రశ్న వేరే ఉందంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "తాళ్ళు తీస్తే ఒంపు దక్కుతుందా? నా మనసు కుదుటపడటానికి కాదు, దానికి తెలిసింది రాయమను."

మామయ్య


ఆగస్టు 15

మామయ్యా, అత్తయ్యా,

ముందు ఉద్యోగం సంగతి. కాగితం తప్పని నేనే పెద్దసారుకి చెప్పాను. నీ ఉత్తరం ఆయన బల్ల మీద పెట్టాను. అన్ని దీవులకీ ఆ మాట వెళ్ళిపోయింది. దాచడానికి ఏమీ మిగల్లేదు మామయ్యా. నువ్వు ఆ మాట అన్నందుకు కోపం రాలేదు, ఒక పూట ఏడుపు వచ్చింది, అంతే.

అత్తయ్యా, నాకు తెలిసింది ఇది. తాళ్ళు తీస్తే ఒంపు దక్కుతుందని చెప్పలేను. దక్కవచ్చు. ఆ పీపాల నుంచి ఒక పీలిక ఈపాటికే ఏ రాయి మీదో కూర్చుని ఉంటే దక్కదు. తాళ్ళు అలాగే ఉంచితే మాత్రం మైనానికి మెట్లు కట్టి ఇచ్చినట్టే. అప్పుడు ఈ కోత చేతికి రావచ్చు. ఆ తర్వాత ఆ ఒంపులో ఎవరికీ ఏ కోతా ఉండదు. కంటికి కనపడలేదంటే లేదని కాదు. మొదట్లో అది గోరంత కూడా ఉండదు.

ఇంతకన్నా నాకు తెలియదు. తెలిసినట్టు రాయలేను.

పీత


సెప్టెంబరు 5

చిరంజీవి పీతకు,

తాళ్ళు తీసేశాం.

నీ ఉత్తరం ఈసారి ఆవిడే చదువుకుంది, కళ్ళజోడు పెట్టుకుని, నెమ్మదిగా. తర్వాత నేను మొదలుపెట్టాను, తప్పంతా నాదేనని. పిల్లది తనది అంటోంది గాని నాదేనని, బ్రష్షు పట్టింది నేనని. చాలాసేపు చెప్పాను. విని అంది: "ఏమయ్యా, తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి మీ ఇద్దరికీ ఉత్తరాలున్నాయి. నాకున్నవి తాళ్ళు. వచ్చి లాగు."

లాగాను. ఈతగాడు వచ్చాడు, రేవు అధికారి వచ్చాడు. టికెట్ గుమస్తా కూడా పడవ పంపించేసి వచ్చాడు. వాడు ఆ రోజు ఎవరి మీదా ఒక్క మాట విసరలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉండింది. ఒక్కొక్క తాడునీ నీళ్ళలోనే గోనెలోకి దింపి, మూతి బిగించి పైకి తెచ్చాం. ఆల్చిప్పలు ఎంత పెద్దవయ్యాయో పైకి వచ్చాకే తెలిసింది. ఏ చిప్పతోనూ ఒక్క పీలిక బయటికి పోకూడదని, ఒడ్డుకి దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి పోశాం. పోస్తుంటే ఇంకా బతికే ఉన్నాయి కదా, నోళ్ళు మూసుకుంటూ టిక్కుటిక్కుమని చప్పుడు చేశాయట. నాకు వినపడలేదు. ఈతగాడు చెప్పాడు. నా చెవులు పోయినందుకు మొదటిసారి సంతోషించాను.

ఒక తాడు మీద మైనం దొరికింది. చివరి తాడు, నీళ్ళ అడుగున ముడి పక్కన, గోరంత. ఈతగాడి చేతికి తగలనిది ఆవిడ కంటపడింది. ఎవరినీ పిలవలేదు. వేలితో చూపించి గోనెలో వేసింది. మీ ఆఫీసు కాగితం తప్పు దాచడానికా అని నేను రాసిన మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ. ఉత్తరంలో రాసింది తుడిస్తే పోదు, తెలుసు.

ఇంట్లో గొడవేం లేదు. అన్నం పెడుతుంది, మందులు గుర్తుచేస్తుంది. మాట మాత్రం అంతవరకే. సాయంత్రం ఒంపు దాకా వెళ్ళి ఉత్త నీళ్ళు చూసి వస్తుంది. నేను కొంచెం వెనక నడుస్తాను.

మామయ్య


నవంబరు 28

మామయ్యా, అత్తయ్యా,

మా ఈతగాళ్ళు మీ దీవి నుంచి తిరిగి వచ్చారు. రేవు ఇక చేతుల్లో లేదు. స్తంభాలకి ప్లాస్టిక్ చుట్టి ఊపిరాడకుండా చేస్తారు, అయినా పూర్తిగా పోదు. పడవలు ఒడ్డుకెక్కించి వాటి అడుగులు ఆరబెట్టకుండా రేవు దాటకూడదని నియమం వచ్చింది.

ఒంపులో రాళ్ళన్నీ వెతికారు. దొరకలేదు. లేదని రాయమంటే రాయను, దొరకలేదని రాస్తున్నాను. ఇంకో రెండేళ్ళు వెతికి, అప్పటికీ దొరక్కపోతే మళ్ళీ తాళ్ళు వేసుకోవచ్చు. అంతవరకు ఒంపులో ఏమీ వేలాడదీయకూడదు. ఈ మాట ఇప్పుడు ఆజ్ఞగానే వస్తుంది, కింద సంతకం నాదే ఉంటుంది. కాగితం కన్నా ముందు ఉత్తరం చేరాలని ఇది రాశాను.

మరుసటి తనిఖీకి నేనే వస్తున్నాను. అత్తయ్య రమ్మంటేనే ఇంటికి వస్తాను. లేకపోతే రేవు విడిది ఉంది, అక్కడ ఉంటాను.

పీత


డిసెంబరు 14

చిరంజీవి పీతకు,

విడిదిలో ఉంటానన్న మాట వినిపించగానే మీ అత్తయ్య, దాని మంచం మీద ఎవరు పడుకుంటారని ఉంచాను అంది. ఇక నువ్వు ఎక్కడుండాలో నీకే తెలుస్తుంది. నీ గదిలో సామాన్లు బయటికి వచ్చాయి, నా పుస్తకాలు కూడా.

కాగితం నీ ఉత్తరం వెనకే వచ్చింది. నీ సంతకం వేలితో తడిమి, చిన్నప్పటి రాతే ఇంకా, అంది. తర్వాత, రెండేళ్ళంటే తనకి ఎంత వయసు వస్తుందని అడిగింది. చెప్పాను. నాకెంత వస్తుందంది. అదీ చెప్పాను. వేళ్ళ మీద లెక్క చూసుకుని, సరే అంది.

మర్నాడు పడవలో కొత్త తాడు చుట్టలు దిగాయి. వసారాలో పరిచి కూర్చుంది. పిల్ల ఆల్చిప్పలు పట్టు దొరకబుచ్చుకోవడానికి తాడు పొడుగునా ఉచ్చులు వేయాలి, వదులుగా ఉంటే జారిపోతాయి, బిగిస్తే తాడు కోసుకుపోతుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పనికి నన్ను దగ్గరికి రానివ్వలేదు. వంటగది గుమ్మంలో నిలబడి చూస్తుంటే, ఒక చుట్ట నా వైపు తోసింది. కూర్చున్నాను.

నేను వేసిన ఉచ్చు చూసి, ఓడ కట్టేస్తున్నావా అంది. విప్పింది. మళ్ళీ వేశాను. అదీ విప్పింది. రోజంతా అదే వరస. సాయంత్రానికి నేను, నా వల్ల కాదు, నువ్వు వేసుకో అన్నాను.

"తొందరేముంది," అంది, చేతిలో తాడు వదలకుండానే. "రెండేళ్ళుంది కదా. నేర్చుకో."

అప్పటినుంచీ రోజూ కూర్చుంటున్నాం. మాటలు కూడా కాస్త వస్తున్నాయి, ఎక్కువగా నా చేతుల మీద.

ఇవాళ ఉత్తరం రాయాలని లేచే ముందు ఒకటి వేసి ఆవిడ ముందు పెట్టి వచ్చాను. కిటికీలోంచి కనబడుతోంది. ఆవిడ దాని పక్క నుంచి తన ఉచ్చు మొదలుపెట్టింది. నాది ఇంకా విప్పలేదు. చూసి వదిలేసిందో, చూడనే లేదో, నేను అడగలేదు.

మామయ్య